కూలి రేటు సర్వేకు మన కాంట్రాక్టర్లు జవాబివ్వాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. అమెరికాలో ఉన్న తెలుగువారికి ‘ప్రివెయిలింగ్ వేజ్’ అనే మాట కొత్తది కాదు. హెచ్-1బి వీసా కోసం కంపెనీ దాఖలు చేసే ఎల్‌సీఏ పత్రంలో, ఆ ఉద్యోగానికి ఆ ప్రాంతంలో నడుస్తున్న జీతమెంతో చూపించి, అంతకు తగ్గకుండా ఇస్తామని హామీ ఇవ్వాలి కనుక ఈ లెక్క మన ఇళ్లలో చాలామందికి తెలిసినదే. అదే పేరుతో నిర్మాణరంగంలో, ప్రభుత్వ పనులు చేసే కూలీలకు ఎంతకు తగ్గకుండా ఇవ్వాలో చెప్పే వేరొక ఏర్పాటు ఉందనీ, దాని రేట్లు మాలాంటి కాంట్రాక్టర్లు స్వచ్ఛందంగా నింపి పంపే ఫారాల నుంచి తయారవుతాయనీ మాత్రం, ఆ రంగంలో బతుకుతున్న మనవాళ్లలోనే ఎందరికో తెలియదు. తెలిసినవారిలో కూడా ఎక్కువమంది ఆ ఫారం వచ్చిన రోజునే పక్కన పడేస్తున్నారు. దీనివల్ల మనకూ, మన దగ్గర పని చేసే కూలీలకూ జరుగుతున్న నష్టాన్ని మీ పత్రిక ద్వారా నలుగురి దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ పరిసరాలలో డ్రైవాల్ (గోడలకు జిప్సం పలకలు బిగించే పని), పెయింటింగ్ పనులు చేసే ఒక చిన్న సబ్‌కాంట్రాక్టరుని. ఒకప్పుడు ఇక్కడ తెలుగువారంటే సాఫ్ట్‌వేర్ అన్నట్టుండేది. ఇప్పుడు హోటళ్లు, క్లినిక్‌లు, షాపింగ్ సముదాయాలు కట్టిస్తున్నవారు, సివిల్ ఇంజనీరింగ్ చదివి వచ్చి ఎస్టిమేటర్లుగా, ప్రాజెక్టు మేనేజర్లుగా స్థిరపడినవారు, సొంతంగా ఎలక్ట్రికల్, ఏసీ, పెయింటింగ్ కాంట్రాక్టులు తీసుకుంటున్నవారు మనలో కనిపిస్తున్నారు. ప్రైవేటు పనులు తగ్గినప్పుడు వీరంతా ప్రభుత్వ పనుల టెండర్ల వైపు చూస్తారు. అక్కడ మొదట ఎదురయ్యేది ఈ రేట్ల పట్టికే.

దీనికి మూలమైన డేవిస్-బేకన్ చట్టం మీద 1931 మార్చి 3న అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ సంతకం చేశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్ ప్రాంతానికి ప్రాతినిధ్యం వహించిన రాబర్ట్ బేకన్, తన నియోజకవర్గంలో మాజీ సైనికుల ఆసుపత్రి కట్టే పనిని అలబామాకు చెందిన ఒక కాంట్రాక్టరు దక్కించుకుని, అక్కడినుంచే తక్కువ కూలికి మనుషులను దింపడం చూసి, 1927లో మొదటిసారి ఈ బిల్లును ప్రతిపాదించారు. కార్మిక శాఖ కార్యదర్శిగా పని చేసి సెనేటరైన జేమ్స్ డేవిస్ తర్వాత ఆయనతో కలిశారు. అలబామా నుంచి వచ్చినవారిలో నల్లజాతి కూలీలు ఉండటం వల్ల ఆనాటి చర్చలలో జాతి ద్వేషపు మాటలు కూడా వినిపించాయి. ఆ మచ్చను దాచవలసిన పని లేదు. అయితే చట్టం పెట్టిన నియమం మాత్రం నేటికీ న్యాయమైనదే: ప్రభుత్వ సొమ్ముతో కట్టే కట్టడం ఏ ప్రాంతంలో ఉంటే, ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న కూలికి తగ్గకుండా ఇవ్వాలి. కూలి తెగ్గోసి టెండరు దక్కించుకునే దారిని అది మూసింది. 1935లో చేసిన సవరణతో 2,000 డాలర్లు దాటిన ప్రతి కేంద్ర ప్రభుత్వ నిర్మాణ కాంట్రాక్టూ దీని కిందికి వచ్చింది. రేట్లు టెండరు పత్రంలోనే ముందుగా చెప్పాలన్న నియమమూ అప్పుడే వచ్చింది. 1964 నుంచి ఆరోగ్య బీమా, పింఛను వంటి ఫ్రింజ్ బెనిఫిట్స్‌ను కూడా కూలిలో కలిపి లెక్కిస్తున్నారు. రహదారులు, గృహనిర్మాణం వంటి వాటికి కేంద్రం నిధులిచ్చే అనేక చట్టాలలో ఇదే నియమాన్ని చేర్చడం వల్ల, కేంద్రం నేరుగా కట్టని పనులకు కూడా ఈ రేట్లే వర్తిస్తున్నాయి.

మరి నడుస్తున్న కూలి ఎంతో ఎవరు చెబుతారు? కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్ ఒక్కో రాష్ట్రంలో, లేదా కొన్ని కౌంటీలలో, ఒక్కో రకం నిర్మాణం మీద సర్వే ప్రకటిస్తుంది. భవనాలు, రహదారులు, ఆనకట్టలూ పైపులైన్ల వంటి భారీ పనులు, నివాస గృహాలు అని నాలుగు రకాలు. ఒక నిర్ణీత కాలంలో అక్కడ జరిగిన ప్రాజెక్టుల మీద పని చేసిన ప్రధాన కాంట్రాక్టర్లకు, సబ్‌కాంట్రాక్టర్లకు డబ్ల్యుడీ-10 అనే ఫారం పంపి, ఏ పనికి ఎంతమందిని పెట్టారో, గంటకు ఎంత ఇచ్చారో రాయమంటుంది. కార్మిక సంఘాలూ, కాంట్రాక్టర్ల సంఘాలూ తమ దగ్గరున్న వివరాలను పంపవచ్చు. జవాబివ్వాలన్న నిర్బంధం లేదు. గడువు తేదీనాటికి అందిన వివరాలతోనే రేట్లు కడతారు. అందనివి లోకంలో లేనట్టే లెక్క.

కట్టే పద్ధతి తెలిస్తే మన మౌనం ఖరీదు తెలుస్తుంది. 2023 అక్టోబరు 23 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, ఒక పనికి సగానికి మించినమంది కూలీలకు ఒకే రేటు అందుతుంటే అదే ఆ ప్రాంతపు రేటు. అలాంటిది లేకపోతే, కనీసం 30 శాతం మందికి అందుతున్న రేట్లలో ఎక్కువమందికి అందేది రేటవుతుంది. అదీ లేకపోతే అందరి సగటు తీస్తారు. ఈ 30 శాతం నియమం 1935 నుంచి ఉన్నదే. రీగన్ ప్రభుత్వ కాలంలో తీసేశారు, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ తెచ్చారు.

ఒక కౌంటీలో భవనాల పెయింటర్ల రేటు తేల్చాలనుకుందాం. యూనియన్ ఒప్పందం ప్రకారం పని చేయించే కంపెనీ ఒకటి ఏడుగురు పెయింటర్లకు గంటకు సరిగ్గా 30 డాలర్లు ఇస్తున్నట్టు రాసింది. యూనియన్ లేని చిన్న కంపెనీలు రెండు, 21 నుంచి 24 డాలర్ల దాకా తలా ఒక రేటు ఇస్తున్న ఐదుగురి వివరాలు పంపాయి. పన్నెండు మందిలో ఏడుగురంటే సగానికి పైమాటే కాబట్టి 30 డాలర్లే రేటు. ఇంకొక కంపెనీ ఇలాగే తలా ఒక రేటు అందుకునే ఎనిమిది మంది వివరాలు పంపి ఉంటే మొత్తం ఇరవై మందిలో ఏడుగురు 35 శాతం అవుతారు కనుక, అప్పుడూ 30 డాలర్లే. జవాబివ్వని కంపెనీలు కూడా ముందుకొచ్చి మొత్తం ముప్ఫై మంది వివరాలు అంది ఉంటే, ఏడుగురు 23 శాతానికి పడిపోతారు. మిగతా ఇరవై ముగ్గురిలో ఏ ఒక్క రేటూ 30 శాతం మందికి చేరకపోతే సగటు తీయాలి. ఆ ఇరవై ముగ్గురి సగటు కూలి 23 డాలర్లయితే మొత్తం మీద తేలే రేటు 24 డాలర్ల 63 సెంట్లు. ఊరు అదే, పెయింటర్లు అదే, వాళ్లకు వారంవారం అందే డబ్బు అదే. ఫారాలు ఎన్ని చేరాయన్న దానిని బట్టి గంటకు ఐదు డాలర్ల పైచిలుకు తేడా వచ్చింది.

ఇది యూనియన్ల మీద ఫిర్యాదు కాదని స్పష్టంగా చెబుతున్నాను. వారి రేటు ఒప్పందం మీద నడుస్తుంది కనుక సెంటు తేడా లేకుండా అందరికీ ఒకటే ఉంటుంది. ఫారాలు శ్రద్ధగా పంపించడానికి వారికి మనుషులున్నారు. సర్వే విలువ తెలిసినవారు చేయవలసిన పనే వారు చేస్తున్నారు. ఆ 30 డాలర్లే నిజంగా ఊళ్లో నడుస్తున్న కూలి అయితే మనం కూడా అంతే ఇచ్చి తీరాలి, అది పెయింటరు కష్టానికి ఎక్కువేమీ కాదు. నా ఆవేదనంతా, ఊళ్లో నడుస్తున్నదేమిటో ఊరికే తెలియకుండా రేటు తేలిపోవడం గురించి.

ఈ మౌనం రెండో వైపు కూడా కోస్తుంది. ఆ దెబ్బ మరింత లోతైనది, ఎందుకంటే అది తగిలేది కూలీకి. యూనియన్ రేటు నెగ్గినచోట ఒప్పందం మారినప్పుడల్లా రేటు కూడా మారుతుంది. సర్వే సగటు మీద నిలిచిన రేటు అలా కాదు. చాలాకాలం పాటు మళ్లీ సర్వే జరిగేదాకా అలాగే పడి ఉండేది. కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2019లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, ప్రచురించిన లక్షా ముప్ఫై నాలుగు వేలకు పైగా రేట్లలో 3 శాతం రేట్లను 21 నుంచి 40 ఏళ్లుగా తాజా చేయలేదు. నాలుగు వేలకు పైగా పనుల రేట్లు, ఆ పని మొదలుపెట్టిన కుర్రాడు రిటైరయ్యే వయసుకు దగ్గరపడేదాకా మారలేదన్నమాట. టెక్సస్‌లోని కొన్ని కౌంటీలలో మామూలు కూలీకి కేంద్ర కనీస వేతనమైన 7 డాలర్ల 25 సెంట్లే ప్రివెయిలింగ్ వేజ్‌గా నిలిచిన సందర్భాలున్నాయి. ఆ డబ్బుకు ఇప్పుడు ఇక్కడ ఎవరూ పలుగు పట్టుకోరు. అయినా టెండరు పత్రంలో ఆ అంకె ఉంటే, మనిషికి 18 డాలర్లు ఇచ్చి నిలబెట్టుకుంటున్న కాంట్రాక్టరుకు చట్టం ఏ రక్షణా ఇవ్వదు. తక్కువ కూలి లెక్కతో బిడ్ వేసినవాడిదే పని. 2023 నిబంధనలు ఇలాంటి పాత రేట్లను గణాంకాల సూచీని బట్టి మూడేళ్లకోసారి పెంచే వీలు కల్పించాయి. అది ఊరటే. కానీ పునాదిలో ఉన్న అంకె తప్పయితే, దాని మీద ఎంత శాతం పెంచినా తప్పు అలాగే ఉంటుంది.

ఒక కౌంటీ నుంచి చాలినన్ని ఫారాలు రాకపోతే ఆ కౌంటీని చుట్టుపక్కల కౌంటీల గుంపులో కలుపుతారు, అక్కడా చాలకపోతే ఇంకా పెద్ద గుంపులో, చివరకు రాష్ట్రమంతటితో. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. డాలస్ పొలిమేరలో ఉన్న కౌంటీకీ, పత్తి చేలు తప్ప మరేమీ కనిపించని పడమటి కౌంటీకీ కూలి ఒకటెలా అవుతుంది? అమెరికా పార్లమెంటుకు చెందిన ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2011లో తాను పరిశీలించిన నాలుగు సర్వేలలో, ముఖ్యమైన పనులకు ఖరారైన రేట్లలో నాలుగో వంతు ఆరుగురు లేదా అంతకంటే తక్కువమంది కూలీల వివరాల మీద ఆధారపడ్డాయని తేల్చింది. అంటే మనలో ఒక్క కంపెనీ పంపే ఒక్క ఫారమే రేటును మార్చగలదు. ఓటు విషయంలో ‘నా ఒక్కడి ఓటుతో ఏమవుతుంది’ అనుకునేవారుంటారు. ఇక్కడ అలా అనుకోవడానికి కూడా తావు లేదు.

అసలు రేటే లేకుండా పోవడం మరొక చిక్కు. ఒక పనికి చాలినన్ని వివరాలు రాకపోతే, పట్టికలో ఆ పని పేరే కనిపించదు. కొన్ని పట్టికలలో పెయింటరు ఉంటాడు, డ్రైవాల్ పలకలు బిగించేవాడు ఉంటాడు, అతుకుల మీద టేపు వేసి నునుపు చేసే ఫినిషరు ఉండడు. అలాంటప్పుడు కాంట్రాక్టు దక్కిన తర్వాత, ఎస్ఎఫ్-1444 అనే ఫారంతో ఫలానా పనికి ఫలానా రేటు అనుమతించండని కోరుకోవాలి. బిడ్ వేసేటప్పుడు ఒక రేటు ఊహించి లెక్క వేస్తాం, పని సగమయ్యాక కార్మిక శాఖ వేరొక రేటు నిర్ణయిస్తే తేడా మొత్తం మొదటి రోజు నుంచి చెల్లించాలి. చిన్న సబ్‌కాంట్రాక్టరుకు ఒక పనిలో మిగిలేది ఆ తేడాలోనే పోవచ్చు. ఫినిషర్లను పనిలో పెట్టుకున్న కంపెనీలు అంతకు ముందు సర్వేలో రెండు మూడు ఫారాలు పంపి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు.

మనవాళ్లు ఎందుకు పంపడం లేదని నేను తెలిసినవారిని అడిగినప్పుడు ముందుగా వినిపించే మాట భయం. ఓవర్‌టైం కేసులు పెట్టేది, తక్కువ కూలి మీద విచారణ చేసేది కూడా ఇదే డివిజన్ కాబట్టి, మన లెక్కలు మనమే తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టడమెందుకు అంటారు. ఫారంలో కూలీల పేర్లు గానీ, సోషల్ సెక్యూరిటీ నంబర్లు గానీ అడగరు. జవాబిచ్చిన కంపెనీ వివరాలను చట్టం అనుమతించినంత మేరకు గోప్యంగా ఉంచుతామని కార్మిక శాఖ చెబుతోంది. కొన్ని ఫారాలను ఎంపిక చేసి పేరోల్ పుస్తకాలతో సరిచూసే మాట నిజమే. అది రాసిన రేటు నిజమా కాదా అని చూడటానికి. తెలిసి అబద్ధం రాస్తే శిక్ష ఉంది, కనుక ఉన్నదున్నట్టు రాయాలి. కూలీకి ఓవర్‌టైం బాకీ ఉన్న కంపెనీ ఏదైనా ఉంటే, సర్వే వచ్చినా రాకపోయినా ఆ బాకీ తీర్చవలసిందే.

భయం కంటే లోతుగా ఇంకొక కారణం ఉందని నా అభిప్రాయం. మనం పెరిగిన చోట రేట్లు పైనుంచి దిగుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ప్రభుత్వ పనుల అంచనాలు స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్ ప్రకారం వేస్తారు. అందులో మేస్త్రీకి ఇంత, మజ్దూరుకు ఇంత అని చీఫ్ ఇంజనీర్ల స్థాయిలో ఖరారవుతుంది. 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద కూలి నిర్ణయించినప్పుడు కూడా కమిటీ వేయడమో, ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు తీసుకోవడమో జరిగేది తప్ప, మేస్త్రీల చేత పని చేయించే చిన్న కాంట్రాక్టరు మస్టరు తెప్పించి చూసినవారు లేరు. రేటు గిట్టుబాటు కాకపోతే టెండరులో అంచనా కంటే ఎక్కువగా ‘ఎబవ్’ వేస్తాం, గిట్టితే తక్కువగా ‘లెస్’ వేస్తాం, అంతే. ఆ అలవాటుతో వచ్చినవారికి, ప్రభుత్వం నీ పుస్తకంలో ఉన్న కూలి ఎంతో చెప్పు, దాన్నే రేటుగా పెడతానని అడుగుతోందంటే నమ్మకం కుదరదు. కాగితం చూసి ఇదేదో నోటీసు అనుకుంటారు. ఇక్కడ అది నోటీసు కాదు, మనల్ని అడిగి రేటు పెట్టే పద్ధతి. ఆ అవకాశాన్ని మనమే వదులుకుంటున్నాం.

ఫారం కష్టమన్న మాటలో మాత్రం నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. అది ‘పీక్ వీక్’ అడుగుతుంది, అంటే ఒక పనికి ఎక్కువమంది మనుషులు ఉన్న వారం. మా రెండంతస్తుల క్లినిక్ పని ఒకదానికి ఈ ఫారం నింపినప్పుడు, మొత్తం పనికి కలిపి ఒకే వారం తీసుకుంటే సరిపోదని, పనిపనికీ విడిగా చూడాలని పేరోల్ కాగితాలు ముందేసుకుంటే గానీ మా ఆఫీసులో అందరికీ స్పష్టం కాలేదు. పలకలు బిగించేవాళ్లు ముందు వారాలలో ఎక్కువగా ఉంటారు. వాళ్లు ఒక అంతస్తు పూర్తి చేసి పైకి వెళ్లాక టేపు వేసేవాళ్లు పెరుగుతారు. పెయింటర్లు నిండుగా కనిపించేసరికి బిగించేవాళ్లలో ఒక్కరిద్దరు మరమ్మతులకు మిగులుతారు. కనుక మూడు పనులకు మూడు వేర్వేరు వారాలు. ఒకే మనిషి పొద్దున టేపు వేసి, మధ్యాహ్నం రంగు కొడితే ఏ గంటలు ఏ పనివో విడదీయాలి. పలకకు ఇంత అని గుత్తగా ఇచ్చేవాళ్లు, ఆ మొత్తాన్ని పని చేసిన గంటలతో భాగించి గంట కూలి తేల్చాలి. గంటల లెక్క రాసుకోని కంపెనీకి ఇది కుదిరే పని కాదు.

ఫ్రింజ్ బెనిఫిట్స్ దగ్గర కూడా మనవాళ్లు తడబడుతున్నారు. ఒక పనివాడి ఆరోగ్య బీమాకు కంపెనీ ఏడాదికి 6,240 డాలర్లు కడుతుంటే, ఏడాది పని గంటలు 2,080తో భాగిస్తే గంటకు 3 డాలర్లు. ఇది రాయకుండా కూలి మాత్రమే రాసి పంపితే, ఇస్తున్నదాన్ని తక్కువ చేసి చూపినట్టవుతుంది. పింఛను పథకానికి కట్టేది, జీతంతో ఇచ్చే సెలవుల ఖర్చు కూడా ఇలాగే గంటకు తెచ్చి రాయాలి. బీమా కడుతున్న మంచి కంపెనీ ఈ గడి ఖాళీగా వదిలేస్తే, బీమా కట్టని కంపెనీ రేపు టెండరులో దాన్ని సులువుగా దాటిపోతుంది.

కార్మిక శాఖ చేయవలసినవి కూడా ఉన్నాయి. నిర్మాణ ప్రాజెక్టుల జాబితాల ఆధారంగా, ఎక్కువగా ప్రధాన కాంట్రాక్టర్ల ద్వారా సబ్‌కాంట్రాక్టర్ల ఆచూకీ తీయడం వల్ల, రెండో అంచెలో మూడో అంచెలో పని చేసేవారికి ఉత్తరం అందనే అందదు. ఉత్తరం రాకపోయినా సర్వే జరుగుతున్న కౌంటీలో పని చేసినవారెవరైనా ఫారం పంపవచ్చన్న సంగతి మరింత గట్టిగా ప్రచారం కావాలి. సర్వే ముగిసిన తర్వాత రేట్లు ప్రచురించడానికి పట్టే కాలం బాగా తగ్గాలి. పంపిన వివరాలు రేటుగా కనిపించేసరికి ఏళ్లు గడిస్తే, మరుసటి సర్వేకు జవాబివ్వాలన్న ఉత్సాహం ఎవరికి ఉంటుంది? సర్వేకు ముందు అధికారులు అవగాహన సమావేశాలు పెడుతున్నారు. అవి పగటిపూట, పని ఉన్న వారపు రోజున పెట్టినప్పుడు సైటు మీద ఉండే చిన్న కాంట్రాక్టరు వెళ్లలేడు. సాయంత్రం పెడితే, స్పానిష్‌లో కూడా చెబితే, ఈ రంగంలో సగం మందికి విషయం అందుతుంది.

ఇంత కష్టపడే బదులు గణాంక సంస్థ దగ్గర ఇప్పటికే ఉన్న వేతన లెక్కలు వాడుకోవచ్చు కదా, హెచ్-1బికి అలాగే చేస్తున్నారు కదా అని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. ఆ లెక్కలలో పెయింటరు అంటే అన్నిచోట్లా పెయింటరే. వంతెన ఉక్కు మీద వేలాడుతూ రంగు వేసేవాడికీ, అపార్టుమెంటు గదిలో రోలరు తిప్పేవాడికీ తేడా ఉండదు. బీమా, పింఛను అందులోకి రావు. కౌంటీ స్థాయి దాకా కూడా దిగవు. పనిని దగ్గరనుంచి చూసి రేటు కట్టాలంటే, పని చేయించినవాళ్లే చెప్పాలి.

ఇది ప్రభుత్వ పనులు చేయనివారికి సంబంధం లేని విషయమని కూడా అనుకోవద్దు. టెక్సస్ ప్రభుత్వ నియమావళిలోని 2258వ అధ్యాయం ప్రకారం, స్కూలు డిస్ట్రిక్టు గానీ, నగరం గానీ కట్టడం చేపట్టినప్పుడు స్థానికంగా తానే సర్వే చేసి రేటు పెట్టాలి, లేదా కార్మిక శాఖ నిర్ణయించిన డేవిస్-బేకన్ రేటును వాడుకోవాలి. సొంతంగా సర్వే చేసే ఓపిక ఎన్ని డిస్ట్రిక్టులకు ఉంటుంది? అందుకే మన పిల్లలు చదువుతున్న కొత్త స్కూళ్ల గోడలకు రంగు వేసేవాడి కూలి కూడా తరచుగా ఆ ఫారాల నుంచే వస్తుంది. తక్కువ ఇచ్చిన కాంట్రాక్టరు ఒక్కో కూలీకి రోజుకు 60 డాలర్ల చొప్పున జరిమానా కట్టాలి. కేంద్ర పనుల మీద తప్పు చేసినవారిని మూడేళ్లపాటు ప్రభుత్వ కాంట్రాక్టుల నుంచి నిషేధించవచ్చు. ఇంత బరువున్న అంకె తయారయ్యేటప్పుడు మనం గదిలో లేకుండా పోవడం నాకు బాధ కలిగిస్తోంది. టెండరు వచ్చాక ఈ రేటు అన్యాయమని తిట్టుకునేవారిని తరచు చూస్తుంటాను. రేటు తప్పని తోచినప్పుడు పునఃపరిశీలన కోరే హక్కు నిబంధనలలో ఉంది. అయితే చేతిలో లెక్కలున్నవాడి మాటకే అక్కడ విలువ.

మీ పత్రికకు నా విన్నపం ఇది. మీరు అమెరికా తెలుగువారి కోసం ఇస్తున్న పేజీలో వీసా వార్తలకూ, సభల వార్తలకూ ఇస్తున్నంత చోటు అక్కర్లేదు. కార్మిక శాఖ వెబ్‌సైటులో ఏ రాష్ట్రంలో, ఏ రకం నిర్మాణం మీద సర్వే నడుస్తోందో, గడువు తేదీ ఎప్పుడో ప్రకటిస్తూ ఉంటారు, ఆ రెండు వాక్యాలు తెలుగులో వేస్తే చాలు. తానా, ఆటా వంటి సంఘాల మహాసభలలో వ్యాపార వేదికలు జరుగుతుంటాయి. పెట్టుబడుల గురించి, స్టార్టప్‌ల గురించి మాట్లాడే ఆ వేదికల మీద ఒక గంట ఈ ఫారం తెర మీద చూపించి, గడి గడికీ ఏమి రాయాలో చెప్పేవారిని పిలిపించమని నిర్వాహకులను కోరుతున్నాను. ఎస్టిమేటర్లుగా పెద్ద కంపెనీలలో ఉన్న మనవాళ్లలో ఈ పని తెలిసినవారు ఉన్నారు. ఇక తోటి కాంట్రాక్టర్లకు చెప్పేది ఒక్కటే: మీ పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మనిషి గంటలను పనిపనికీ, ప్రాజెక్టు ప్రాజెక్టుకూ, కౌంటీతో సహా విడిగా నమోదు చేయించడం ఈ వారమే మొదలుపెట్టండి. అలా ఉంచుకున్నవారికి, సర్వే ప్రకటించిన రోజున ఫారం నింపడం ఒక పూట పని.

ఇట్లు,
ఒక సబ్‌కాంట్రాక్టరు,
డాలస్ పరిసరాలు, టెక్సస్